తప్పేమీ కనబడలేదు

పొద్దున్నే షట్టర్ ఎత్తి, కీబోర్డుల మీది దుమ్ము తుడవడం సుమ పని. కర్ణాటకలోని చింతామణి బస్టాండు దగ్గరి ఆ ఇంటర్నెట్ సెంటరు బోర్డు మీద ఉన్నది భర్త నాగేశ్ పేరు. ఊడ్చేదీ, అర్జీలు టైపు చేసేదీ, ఫొటోలు స్కాన్ చేసేదీ మాత్రం సుమ. జీతం మాటెత్తితే, "ఇంట్లో ఊరికే కూచునేదానికంటే నయమే కదా" అంటాడు.

ఒకరోజు మూల క్యాబిన్‌లో, ముందురోజు ఎవరో ఆపకుండా పోయిన కంప్యూటర్ తెర వెలిగింది. కుర్రకారంతా స్నేహితుల్ని వెతుక్కునే సైటు. ఒక పేజీ నిండా బడిపిల్లల ఫొటోలు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం అని ఊళ్ళ పేర్లతో సహా. కింద మగవాళ్ళు రాసిన మాటలు. చదవలేక కిందికి జరిపితే, ఖోఖో కప్పు పట్టుకుని నవ్వుతున్నది తన కూతురు ప్రతిమ. ఎనిమిదో తరగతి. పక్కనే ఇంటి ఫోన్ నంబరు. నెలరోజులుగా ఎత్తగానే ఊపిరి మాత్రమే వినిపించే ఆ ఫోన్లు ఎందుకొస్తున్నాయో సుమకి అప్పుడర్థమైంది.

రిపోర్ట్ అన్నచోట నొక్కి, తనకు వచ్చిన ఇంగ్లీషులో పిల్ల వయసు రాసింది. కొన్నాళ్ళకి జవాబు వచ్చింది: ఈ పేజీలో మా నియమాలకు విరుద్ధమైనదేదీ కనబడలేదు. మళ్ళీ రాసింది. అక్షరం మారకుండా అదే జవాబు. తాను రాసింది అసలు మనిషెవరైనా చదివాడా? ఈలోగా పేజీలో మరో ఇద్దరు పిల్లలు చేరారు.

ఆ ఫొటో స్కాన్ చేసింది తనే, ఈ షాపులోనే. ఇంకెక్కడా లేదు. అంటే ఆ పేజీ పెట్టినవాడు ఇక్కడ కూర్చునేవాడే. "అక్కా, సీటు ఖాళీ ఉండాదా?" అని నవ్వుతూ అడిగేవాళ్ళలో ఒకడు. చెప్పుల చప్పుడైతే చాలు, వీడేనా అని తలెత్తి మొహం చూసేది.

"మూల కంప్యూటర్ ఆపకుండా పోయినోడు ఎవురు?" అని నాగేశ్‌ని ఆ రాత్రి ఇంట్లో నిలదీసింది.

"నాకేం గుర్తుండాది?" అన్నాడు చూపు తిప్పుకుని. వాడెవడో ఇతనికి తెలుసని ఆ తిప్పుకోవడంలోనే ఆమెకి అర్థమైపోయింది. "పోలీసులొస్తే షాపు మూసుకోవల్సిందే. మన పాప ఫొటో ఒకటి ఆడినుంచి తీసేస్తే చాలు, ఊరి గోల మనకెందుకు?"

అత్త అక్కయమ్మ లోపలినుంచే అంది: "బడి మాన్పించప్పా. పండ్లు బయటపెట్టి ఫొటోకి నిలబడమన్నది ఎవురంట దాన్ని?"

మర్నాడు జడ వేయించుకుంటూ ప్రతిమ మెల్లగా అడిగింది: "అమ్మా, నేను నవ్వకుండా ఉండాల్సిందా?"

సుమ చేతిలో రిబ్బను ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తాను భయపడింది బయటివాడికి. వాడికంటే ముందే ఈ ఇల్లు తన బిడ్డ నవ్వుని లాగేసుకుంటున్నది. జడ పూర్తిచేసి, పిల్లని దగ్గరికి తీసుకుంది. "లేదమ్మా. నువ్వేం తప్పు చెయ్యలేదు."

పిల్లని బడిలో దిగబెట్టి, షాపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని స్టేషనుకి నడిచింది. కన్నడంలో చెప్పాలని దారంతా మాటలు పేర్చుకున్నా, తీరా నోటికొచ్చింది తెలుగే.

ఎస్సై అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ సైటు యాడిదో ఏమో, మేమేం చేస్తామమ్మా? అయినా మీ ఇంట్లో మగోళ్ళు రాలేదా?"

సుమ కొంగు ముడి విప్పి తాళంచెవి బల్లమీద పెట్టింది.

"సైటు యాడిదైనా కానీ సార్, ఫొటో పోయింది మా షాపులోంచే. మూల కూచునేటోడు ఎవురో మా ఆయనకు తెలుసు. పిలిపించి అడగండి."