పసరు కాదు, పోలిక

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే ముచ్చట కాదిది. దారాల బాబాయి ఆ రోజు పొద్దున్నే కొట్టు తెరిచి, రీళ్ళ అడుగున ఉన్న అంకెలు చదువుకుంటూ అరలు సర్దుతున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకే మట్టిరంగు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టు నిలబడిందంటే అంకెల చలవే.

"బాబాయ్, చిలకపచ్చ ఇవ్వు" అంది దర్జీ అమ్మాయి.

"నెంబరు చెప్పు తల్లీ, చిలకలు నాకు కనబడవు."

ఆ మాటకు అందరూ నవ్వేవారు, ఒక్క ఆయన తల్లి తప్ప. కొడుకు పసికందుగా ఉన్నప్పుడు కళ్ళు పుసులు కట్టి అంటుకుపోతే, ఎవరో చెప్పారని ఏదో పసరు పిండింది. బిడ్డకు రంగులు తెలియవని బయటపడ్డ నాటి నుంచి, "నా చేతులారా చేశాను" అని ఆమె కుమిలిపోని రోజు లేదు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ బాబాయి ఫోనులో జన్యువుల పాఠం ఒకటి చూశాడు. ఇలాంటి చూపు పుట్టుకతోనే వస్తుందట, మగపిల్లలకు తల్లి వైపు నుంచి వస్తుందట. టీచరమ్మ బొమ్మలు గీసి మరీ చెబుతోంది. కింద వందలమంది "నేనూ ఇంతే" అని రాసుకున్నారు. ఆయనా ఒక్క వేలితో పొడిచి పొడిచి "నేనూ" అని రాశాడు. మూడుసార్లు చూశాడు. పసరు పాపం పోతుంది సరే, "నీ నుంచే వచ్చింది" అని ఆ తల్లితో ఎలా అనడం? పెనం మీంచి పొయ్యిలో పడెయ్యడం కాదూ!

సాయంత్రం ఇంటికెళ్ళి ఫోనులో ఆ పాఠం పెట్టాడు. ముసలమ్మ దిండు గలీబు మీద పువ్వులు కుడుతోంది.

"ఆ పిల్లకేం తొందర! మళ్ళీ చెప్పమను."

మళ్ళీ పెట్టాడు.

"అయితే పసరు వల్ల కాదా?"

"కాదమ్మా. అది..." ఫోను పక్కన పెట్టాడు. "నీ వైపు నుంచట. నీ తప్పేం లేదే, నీకు తెలియను కూడా తెలియదు."

ఆమె సూది ఆపింది. తర్వాత బోసినోరంతా తెరిచి నవ్వింది.

"ఓరి నా తండ్రీ! మా నాన్నరా! పచ్చి టమాటాలు కోసుకొచ్చి పండినవేనని వాదించేవాడు. మా అమ్మ తిట్టని తిట్టు లేదు!" కొడుకు చెంపలు రెండు చేతులా పట్టుకుని ఆ కళ్ళలోకి చూసింది. "ఎన్నాళ్ళకు కనబడ్డావు నాన్నా!"

"రేపు ఈ పువ్వుకు ఆకు కుట్టడానికి దారం తే. నెంబరు చూడకు, నీకు నచ్చింది తే" అని కూడా అంది.

తెచ్చాడు. ఆమె ఆ దారాన్నే సూదికెక్కించుకుంది.

నాలుగో రోజు ఉదయం లేవలేదు. నిద్రలోనే, ఏ దిగులూ లేకుండా వెళ్ళిపోయింది.

ఇది గుర్తుంచుకుని మీవాళ్ళకూ చెప్పండి. మీకు తోచినట్టే చెప్పండి గానీ, ఆ గలీబు మీద సగం కుట్టిన ఆకు ఎర్రగా ఉందనీ, సూది ఇంకా దానికే గుచ్చి ఉందనీ మాత్రం మరవకండి.