అప్పగింత లేకుండా

కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి కంపెనీ వెనక కుక్కల షెడ్డు ఖాళీగా ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. నేల ఫినాయిలు పోసి కడిగారు. నీళ్ల గిన్నె తోమి గోడవారన బోర్లించారు. వంగకూడదని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. అయినా ఆమె వంగి, మూలమూలా తడిమి చూసింది. దొర వెంట్రుక ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

దొర వాళ్ల కంపెనీ కుక్క. నల్లటి ఒళ్లు, సన్నటి నడుము, ఈ వీధులన్నీ తన సొంతమన్నట్టు నడక. అందుకే ఆ పేరు పడింది. పెట్టెల్లో, సంచుల్లో ఎవరైనా మందుగుండో మత్తుమందో దాస్తే వాసన పట్టి, వాటి ముందు కదలకుండా కూర్చోవడం వాడి పని. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పటి నుంచి వాణ్ని పెంచి, ఆ పని నేర్పింది ఆమే. కంపెనీ తండ్రి పెట్టింది. దుకాణాలకీ గోదాములకీ కాపలా మనుషుల్ని పంపే చిన్న కంపెనీ. ఆయన పోయాక తమ్ముడు ఆఫీసు చూసుకున్నాడు, ఆమె కుక్కల్ని చూసుకుంది. పాత కుక్కలు ఒక్కటొక్కటే కాలం చేసి, చివరికి మిగిలింది దొర ఒక్కడే.

తమ్ముడు ఆఫీసు గదిలో టీ తాగుతున్నాడు. అక్కను చూడగానే కప్పు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. కుక్కల పని ఇక మన కంపెనీ నేరుగా చెయ్యదని చెప్పాడు. వాళ్ల బావ, అంటే మరదలి అన్న, ఇంకో కంపెనీ పెట్టాడట. అదీ మనదేననుకో, రెండూ అన్నదమ్ముల్లాంటివి అన్నాడు. కాంట్రాక్టు మన పేరున తీసుకుంటాం, పని వాళ్లు చేసిపెడతారు. బోర్డు మనది, చెయ్యి వాళ్లది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు ఇలాగే చేస్తున్నాయట. దొర వాళ్ల షెడ్డులో హాయిగా ఉన్నాడు, వాణ్ని నడిపించే కొత్త హ్యాండ్లరు కూడా మంచివాడు, నువ్వు ఇంక కళ్లు జాగ్రత్తగా చూసుకో అని ముగించాడు.

ఆ బావగారు ఎండలో కూడా కోటు విప్పని మనిషి. ఆమె లోలోపల అతన్ని ‘కోటు’ అనే అనుకునేది. కోటు వచ్చి తమ్ముడి చెవిలో ఏదో ఊదడం కొంతకాలంగా చూస్తూనే ఉంది. కానీ ఊదింది ఇదని అనుకోలేదు.

“నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఎందుకు తీసుకెళ్లారు?” అని అడిగింది.

“చెప్తే ఏడుస్తావని చెప్పలేదక్కా.”

“నేను ఏడిస్తే నీకేం పోయిందిరా?”

వాడు టీ కప్పు మళ్లీ అందుకున్నాడు. నల్లద్దాల వెనక కన్ను మండుతోంది, నీళ్లు పెట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. అంచేత ఆ నీళ్లు కూడా కోపంలోకే దిగిపోయాయి.

కుక్కను ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇవ్వడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది, తండ్రి పెట్టిందే. పాత మనిషి, కొత్త మనిషి, కుక్క ముగ్గురూ కలిసి రోజూ నడవాలి. మొదట్లో కుక్క మెడకు కట్టిన పట్టీ పాత మనిషి చేతిలో ఉంటుంది. తర్వాత ఇద్దరూ పట్టుకుంటారు. పాత మనిషి కొంచెం కొంచెంగా వెనకబడతాడు. కుక్క వెనక్కి చూడడం మానేశాక ఒకరోజు పాత మనిషే పట్టీని కొత్త చేతికి చుట్టి, “ఇక వీళ్లతో వెళ్లు” అని చెప్పి, తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. దీన్నే అప్పగింత అనేవాళ్లు. అది జరగని కుక్క కొత్తవాళ్ల దగ్గర తింటుంది, తిరుగుతుంది, పని కూడా చేస్తుంది. లోపల మాత్రం సెలవు మీద వచ్చినట్టే ఉంటుంది, పాత చెయ్యి కోసం చూస్తూ. ఈ సంగతి ఆమెకెంత తెలుసో తమ్ముడికీ అంతే తెలుసు. ఇద్దరూ తండ్రి వెనకాలే తిరిగి నేర్చుకున్నారు. కానీ అప్పగింత పెట్టాలంటే అక్క ముఖం చూస్తూ అడగాలి. ఆ ముఖం చూడలేక వాడు దొంగలా పని కానిచ్చాడు.

ఆమె దాన్నే క్షమించలేకపోయింది. కుక్కను తీసుకుపోయినందుకు కాదు. అడిగి ఉంటే ఇచ్చేదేమో, ఏడ్చి మొత్తుకుని చివరికి ఇచ్చేదే. తండ్రి పోయినప్పుడూ ఆమె పక్కన లేదు. మొగుడు వదిలేసి వెళ్లిననాడు ఆమె బజారులో కూరగాయలు ఏరుకుంటోంది. తన జీవితంలో అందరూ ఆమె వీపు చూసే వెళ్లిపోయారు. దొర ఒక్కడిని తనే నిలబడి, కళ్లారా చూసి సాగనంపాలనుకుంది. అదీ లేకుండా చేశాడు. ఇక ఆ కోపాన్ని ఆమె పిండి కలిపి మూతపెట్టినట్టు పెట్టింది. రోజూ మూత తీసి చూసేది, పొంగిందా లేదా అని. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, కంటిలో చుక్కలు వేసుకుంటూ, వీడికి నోట మాట రాని రోజు ఒకటి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది.

ఆ రోజు తమ్ముడే ఫోన్ చేసి మరీ తెచ్చి ఇచ్చాడు. గోదాముల పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. తండ్రి కాలం నుంచి పరిచయం. తన గోదాములన్నిటికీ కుక్కల తనిఖీ ఇస్తానంటున్నాడు. కానీ ముందు కుక్క పని కళ్లతో చూడాలన్నాడు, కుక్కకు నేర్పిన అక్కగారు కూడా రావాలన్నాడు. నువ్వొచ్చి వెనక వరుసలో కూర్చుంటే చాలక్కా అని బతిమాలాడు. ఆ పాత పని బట్టలు మాత్రం వేసుకు రావద్దన్నాడు. సబ్బుతో బాగా స్నానం చేసి రమ్మన్నాడు. దొరను పిలవద్దు, చూడొద్దు, పలకరించొద్దు అన్నాడు.

“ఊపిరి పీల్చుకోవచ్చా?” అంది.

“అక్కా, ఇది పోతే మేం రోడ్డు మీద పడతాం. బావ కంపెనీ, మనది, రెండూ దీని మీదే ఉన్నాయి.”

వస్తానంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఏదన్నా జరిగి వెళ్లలేకపోతానేమో, బస్సు దొరకదేమో, జ్వరం వస్తుందేమో అని ఆ రాత్రంతా ఆందోళనపడింది. పగ తీర్చుకోబోయే మనిషికి కూడా ఇలాంటి చిల్లర భయాలే ఉంటాయి.

పొద్దున గోదాములో పెట్టెలు వరుసగా పేర్చారు. వాటిలో ఒకదాంట్లో వాసన పొట్లం దాచారు. కోటు అందరికీ చేతులిస్తూ తిరుగుతున్నాడు. ఆమె కొత్త బట్టల్లో, పూల సబ్బు వాసనతో వెనక వరుసలో కూర్చుంది. ఎవరింటి పెళ్లికో పొరపాటున వచ్చినట్టు తనకే అనిపించింది. తమ్ముడు దూరం నుంచే చూసి, బుద్ధిగా కూర్చున్నావన్నట్టు తలాడించాడు.

దొరను తెచ్చారు. కొంచెం ఒళ్లు చేశాడు. మెడకు కొత్త పట్టీ, దాని మీద కోటు కంపెనీ పేరున్న బిళ్ల. హ్యాండ్లరు మీసాలాయన, నెమ్మదైన మనిషి. చెయ్యి చూపగానే దొర పనిలోకి దిగాడు. ముక్కు నేలకానించి మొదటి పెట్టె, రెండో పెట్టె. ఎంత శుభ్రంగా చేస్తున్నాడో. ఒక్క అడుగు తప్పు లేదు. అదంతా తను నేర్పిందే, ప్రతి మలుపూ తనదే. పరాయి చేతి కింద అంత బాగా చేస్తుంటే చూడ్డం ఆమె వల్ల కాలేదు. నన్ను మర్చిపోయావురా అనుకుంది. అంతలో దొర చెవి ఒకటి ఇటు తిరిగి మళ్లీ అటు తిరగడం చూసింది. పూల సబ్బు వాడి ముందు ఏ మూలకి? వచ్చినప్పటి నుంచీ వాడికి తెలుసు. తెలిసీ పని చేస్తున్నాడు. పని అయ్యేదాకా పలకరింపు లేదని తనే నేర్పింది మరి.

వాడు సరైన పెట్టె దగ్గరికి వచ్చాడు. నడక తగ్గింది. తోక బిగిసింది. ఇంకొక్క క్షణంలో కూర్చుంటాడు, గోదాముల పెద్దమనిషి చప్పట్లు కొడతాడు, కోటు నవ్వుతాడు, తమ్ముడు ఊపిరి వదులుతాడు.

ఆమె పిలవలేదు. చూపు కూడా కలపలేదు. చెయ్యి తీసి మోకాలి మీద పెట్టి, అరచెయ్యి పైకి తిప్పింది. పని అయిపోయింది, ఇక రా, అని వాళ్లిద్దరి మధ్యా గుర్తు.

దొర పెట్టెను వదిలేశాడు. మీసాలాయన చేతిలోంచి పట్టీ ఒక్క ఉదుటున జారిపోయింది. కుర్చీల మధ్య నుంచి, కాళ్ల మధ్య నుంచి పరుగున వచ్చి ఆ అరచేతిలో మూతి పెట్టి, కూనలా కుయ్యిమన్నాడు.

తర్వాత పెద్దమనిషి లేచి, శాంతంగా, తమ్ముడికి వినపడేంత మాత్రమే అన్నాడు: “మా గోదాముల్లో రోజూ ఎంతోమంది నడుస్తారు బాబూ. ఎవరు చెయ్యి చాపితే వాళ్ల దగ్గరికి పోయే కుక్క నాకెందుకు?” డ్రైవరుకి సైగ చేసి వెళ్లిపోయాడు. కోటు అతని వెంట పరుగెత్తాడు. ఆ ఎండలో మొదటిసారి కోటు విప్పి చేతి మీద వేసుకోవడం ఆమె చూసింది, చూసి తృప్తిపడింది.

తమ్ముడు మెల్లగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“కావాలనే చేశావు.”

“అవును.”

“అది నాన్న కంపెనీ అక్కా.”

“నాన్న ఎవరి కుక్కనైనా వాళ్లు లేనప్పుడు తీసుకెళ్లాడా?”

వాడు నేల మీద చతికిలబడ్డాడు. కాసేపటికి దొర వీపు మీద చెయ్యి వేసి అడిగాడు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పెద్దమనిషి కాళ్లు పట్టుకుని ఇంకొకసారి చూడమని అడుగుతాను. ఈలోగా నువ్వు పద్ధతిగా అప్పగించు. మీసాలాయనతో కలిసి నడువు. ఏడిస్తే ఏడువు, నేను పక్కనే ఉంటాను. ఆస్పత్రి రోజున అనాల్సిన మాటలవి. అప్పుడు అని ఉంటే ఆమె ఆపరేషన్ కన్నుతోనే లేచి వచ్చేది. ఇప్పుడు కూడా లోపల ఏదో కదిలింది. కదిలిందని తెలిసి గట్టిగా అదిమేసింది.

“అప్పగించను” అంది. పట్టీ మీద ఉన్న కోటు కంపెనీ బిళ్ల విప్పి కుర్చీలో పెట్టి, దొరను తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ అడ్డం రాలేదు. పనికిరాదని తేలిన కుక్క కోసం ఎవరు అడ్డం వస్తారు?

కోటు తన కంపెనీ మూసేసి వేరే ఏదో వ్యాపారంలో పడ్డాడని తర్వాత తెలిసింది. తండ్రి కంపెనీ నుంచి కాపలా మనుషులు ఒక్కొక్కరూ వేరే చోట్లకి వెళ్లిపోయారు. వాళ్లు ఆమెకేం చెయ్యలేదు. వెళ్లే ముందు కొందరు ఇంటికొచ్చి, అమ్మా వెళ్లొస్తాం అని చెప్పి మరీ వెళ్లారు. వాళ్ల ముఖాలు చూడడం ఆమె అనుకున్నంత తేలిగ్గా లేదు.

ఒక సాయంత్రం తమ్ముడు వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గరే ఆగాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని, మరదలి పుట్టింటి వైపు వెళ్లిపోతున్నామని గేటులోంచే చెప్పాడు. చెప్పకుండా వెళ్లకూడదని వచ్చానన్నాడు. దొర పరుగెత్తుకెళ్లి వాడి చేతులు నాకాడు. దొరకి ఎవరి మీదా ఏ కోపమూ లేదు.

ఆమె వంటింటి కిటికీ పక్కన నిలబడి వింటోంది. వెళ్లి ముఖం చూస్తే తన కోపానికి ఇక ఒక్క పూట కూడా ఆయుష్షు ఉండదని తెలుసు. వాడు “అక్కా” అన్నాడు, ఆగాడు, మళ్లీ “అక్కా” అన్నాడు. ఆమె పొయ్యి మీద పాలు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అడుగుల చప్పుడు వీధి చివరికంటా వినపడింది, తర్వాత వినపడలేదు. దొర మాత్రం గేటు ఊచల మధ్య మూతి పెట్టి, చీకటి పడేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు. ఆమె లోపలికి రమ్మని పిలిచింది. వాడు రాలేదు.