తోట చూపే మనిషి

నార్కట్‌పల్లి దగ్గరి గుట్ట వాలుకు ముళ్లతీగ కంచె వేసి సర్కారు వాళ్లు వనమూలికల తోట పెట్టింది అరవై ఒకటో సంవత్సరంలో. అంతకుముందు అది కురుమల గొర్రెలు మేసే జాగా. కంచె పడ్డాక మందలు వాగులో నీళ్లు తాగాలంటే గుట్ట చుట్టూ తిరిగి రెండు మైళ్లు నడవాల్సి వచ్చింది.

ఒకరోజు ఆ కురుమల్లో గుర్వమ్మ అనే ఆమె మేకపిల్ల తీగ కింద నుంచి లోపలికి దూరింది. దాన్ని పట్టుకోవడానికి వెనకే దూరిన గుర్వమ్మను తోట సూపరింటెండెంటు అమరేందర్ చూశాడు.

“ఏయ్, బయటికి నడువు! మేకను బందెలదొడ్డికి తోలిస్త!”

గుర్వమ్మ భయపడింది గాని, కళ్లు మాత్రం పక్కనున్న మొక్క దగ్గర పాతిన చెక్క మీద పడ్డాయి. ఆమెకు చదువు రాదు. “గా చెక్క మీద ఏమని రాసిండ్రు సారూ?” అని అడిగింది.

“నేల ఉసిరి.”

“అది నేల ఉసిరి కాదు. ఆకు అట్లనే ఉంటది గని, కాయ ఆకు కింద ఉండాలె. కామెర్లకు దీన్ని నూరి పోస్తే ఏం పని చెయ్యదు.”

అమరేందర్ వంగి ఆకు తిప్పి చూశాడు. తర్వాత ఆమెను తోటంతా తిప్పాడు. గుర్వమ్మ యాభై మొక్కల దాకా పేర్లు చెప్పింది. ఏది పశువుకు పనికొస్తుందో, ఏది మనిషికో, ఏది ముట్టగూడదో చెప్పింది.

అతనికీ ఒక ఇబ్బంది ఉంది. సాగర్ ఆనకట్ట చూడటానికి పోయే కార్లు తోట దగ్గర ఆగేవి. వచ్చిన వాళ్లకు చూపించే మనిషి లేడు.

“ఐతారం ఐతారం జర వచ్చి చూపియ్ గుర్వమ్మా. జీతమేం ఉండదు. శ్రమదానం అనుకో.”

“మరి మా గొర్రెలు సారూ?”

“వెనుక గేటు తీపిస్త. అటునుంచే వాగుకు తోలుకోండ్రి. కాగితం గిట్ల ఏం లేదు, నా మాటే.”

మొదట్లో ఆమెకు అదంతా బాగుండేది. పంతుళ్లు, పట్నం ఆడవాళ్లు ఆమె చుట్టూ నిలబడి వినేవాళ్లు. కొందరు పుస్తకంలో రాసుకునేవాళ్లు. పుట్టి బుద్ధెరిగాక తన మాట ఎవరూ రాసుకోలేదు. కానీ ఆదివారానికి గురువారం తోడైంది, ఆరు నెలలకల్లా రోజూ రమ్మన్నారు. తెల్లచీర ఇచ్చారు. ఇంతకుముందు ఇక్కడ ఏముండేదని ఎవరో అడిగితే ఆమె నోరు తెరిచేలోపే అమరేందర్ అందుకున్నాడు, “బీడు” అని. ఆ తర్వాత ఆమె కూడా బీడనే చెప్పింది.

ఒకసారి జ్వరమొచ్చి పోలేదు. ఆ సాయంత్రం వెనుక గేటుకు తాళం ఉంది. మందలు చుట్టూ తిరిగి చీకటి పడ్డాక ఇల్లు చేరాయి. వాచ్‌మన్ మరిచిపోయాడని అమరేందర్ అన్నాడు. అది నిజమో కాదో గుర్వమ్మ అడగలేదు. మళ్లీ ఎన్నడూ మానలేదు. గేటుకు కాగితం రాయించమని మాత్రం మొదటి నుంచీ అడుగుతూనే ఉంది, అతను చూద్దామనేవాడు.

మూడో ఏడు ఎండాకాలంలో, హాలియాలో ఉన్న బిడ్డ జానమ్మకు రెండో కాన్పు దగ్గర పడ్డదని కబురొచ్చింది. జానమ్మకు అత్త లేదు. గుర్వమ్మ మూట కట్టుకుని అమరేందర్ దగ్గరికి పోయింది.

“ఎల్లుండి పట్నం నుంచి పెద్దాఫీసరు వస్తుండు,” అన్నాడతను. “నువ్వే చూపిస్తవని రాసి పంపిన. అయినా నేను ఆపుతలేను. నీ ఇష్టం.”

ఆ ‘నీ ఇష్టం’ ఆమె కాళ్లకు అడ్డం పడింది.

ఇంటికొచ్చేసరికి కులపెద్ద బీరప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. “పోవద్దని నేనంటలేను చెల్లె,” అన్నాడు. “కన్నబిడ్డ కాన్పాయె. గని గేటు బందయితే గీ ఎండల గొర్రెపిల్లలు వాగు దాక నడుస్తయా?”

గుర్వమ్మ తన భర్త మల్లప్ప దిక్కు చూసింది. అతను తల ఎత్తలేదు. ఆమె లోపలికి పోయి మూట విప్పింది.

పెద్దాఫీసరు వచ్చాడు. గంటన్నరసేపు ఆమె వెంట తిరిగి సంబరపడ్డాడు. పోయేముందు అడిగాడు: “నీకేం కావాలమ్మా?”

ఏమీ వద్దనాలని అమరేందర్ నేర్పి ఉన్నాడు. గుర్వమ్మ అతని దిక్కు చూడకుండా అడిగేసింది.

“గొర్రెలు వాగుకు పోయే బాటకు కాగితం కావాలె సారూ. నేనున్నా లేకున్నా గేటు తీసేటట్టు.”

ఆఫీసరు నవ్వి, గుమాస్తాతో రాయించుకున్నాడు. కారు పోయాక అమరేందర్ ముఖం గంటు పెట్టుకున్నాడు.

“నన్నడిగితే కాకపోయెనా?”

“మూడేండ్ల సంది అడుగుతున్న సారూ.”

మరునాడే జానమ్మకు ఆడపిల్ల పుట్టిందని కబురందింది. పక్కింటామె పురుడు పోసిందట. గుర్వమ్మ బయలుదేరబోతే ఈసారి బీరప్పే ఆపాడు. “కాగితం వచ్చేదాక జర ఓపిక పట్టు చెల్లె.” ఆమెకూ అదే సరి అనిపించింది. కాగితం వస్తే పదిరోజులుండి రావచ్చనుకుంది.

నెలన్నరకు కాగితం వచ్చింది. అమరేందరే చదివాడు: “గుర్వమ్మ అను ఆమె తోటలో స్వచ్ఛందముగా సేవ చేయుచున్నంత కాలము, కురుమల గొర్రెలు వెనుక ద్వారమున పోవుటకు అనుమతించడమైనది.”

అతను మళ్లీ ఒకసారి లోపల చదువుకున్నాడు. “నేనిట్ల రాయుమనలేదు గుర్వమ్మా,” అన్నాడు మెల్లగా. ఆమె నమ్మింది. నమ్మినా ఒరిగేదేం లేదు.

బీరప్ప ఆ కాగితానికి పసుపు బొట్టు పెట్టి తన సందుక పెట్టెలో దాచాడు. వాడకట్టంతా గుర్వమ్మను మెచ్చుకుంది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మల్లప్ప “హాలియాకు నేను పోయి చూసొస్త తియ్” అన్నాడు.

తల్లి రాలేదని మూడో నెలలో జానమ్మే పిల్లనెత్తుకుని వచ్చింది. నాలుగు రోజులుందామని బట్టలు తెచ్చుకుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే నేరుగా తోటకు వచ్చింది. గుర్వమ్మ అప్పుడు ఒక బడి పంతుళ్ల గుంపుకు తిప్పతీగ చూపిస్తోంది. మాట మధ్యలో ఆపి, పరుగున పోయి పిల్లను అందుకుంది. పిల్ల కడుపు నొప్పికి ముడుచుకుని ఏడుస్తోంది.

“దీనికి వాము ఆకు దొరుకుతదా అవ్వా? గా మూలకు ఉన్నట్టుంది,” అంటూ జానమ్మ నేరుగా ఆ మడి దగ్గరికి నడిచింది.

అమరేందర్ చూశాడు. “నీ బిడ్డకు గూడ చెట్లు తెలుసా గుర్వమ్మా? ఇంకేం, నీకు చేతగానప్పుడు ఈమెనే రమ్మంటే...”

“ఏం తెల్వదు సారూ,” అంది గుర్వమ్మ. “వాము ఆకు ఎవలకు తెల్వదు? గంతే. చిన్నప్పుడే లగ్గం చేసి పంపినం. తంగేడు చెట్టుకు, కసింత చెట్టుకు తేడా తెల్వదు.”

తల్లి వెంట పదేళ్లు మంద కాసిన జానమ్మ రోషంగా ఏదో అనబోయింది. గుర్వమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. నొప్పికి జానమ్మ తల ఎత్తి, తల్లి ముఖంలోకి చూసి, అమరేందర్ దిక్కు తిరిగింది.

“ఏం తెల్వదు సారూ నాకు,” అంది.

గేటు దాకా తీసుకుపోయి గుర్వమ్మ పిల్లను తిరిగి ఇచ్చింది. “మూడింటికి బస్సున్నది. గదానికే పో.”

“ఇప్పుడే వస్తి గద అవ్వా! నాలుగొద్దులు ఉంటనని చెప్పొచ్చిన.”

“పో బిడ్డా. మళ్ల రాకు. నేనే ఎట్లన్న చేసి వస్త.”

ఎట్ల వస్తుందో ఇద్దరికీ తెలియదు. జానమ్మ కళ్లు తుడుచుకుని, పిల్ల తల మీద కొంగు కప్పి రోడ్డెక్కింది. వెనుక నుంచి పంతుళ్లలో ఒకాయన పిలిచాడు, తిప్పతీగ ఏ జ్వరానికి పని చేస్తుందో చెప్పమని. గుర్వమ్మ పోయి చెప్పింది.