మూడో తట్టు

మసుయే రెండో గదిలో డ్రమ్ముల కిందికి సగం దూరి, ఎవరో ఒలకబోసిన తీపి కాఫీ మరకను గోకుతూ ఉండగా మెట్ల మీంచి ఇసాజి కేక వినిపించింది.

“వచ్చేసింది! మసుయే గారూ, వచ్చేసిందండీ!”

ఉలిక్కిపడి లేవబోతే తల వెళ్ళి పైనున్న ఇత్తడి పళ్ళేనికి కొట్టుకుంది. గది గదంతా ఖణేల్మంది. ఆ మోత సద్దుమణిగేదాకా తల పట్టుకుని అక్కడే కూర్చుండిపోయిందామె. ఈలోగా ఇసాజి తలుపులోంచి తొంగి చూశాడు. బియ్యం కొట్టు కింద నేలమాళిగలో ఉన్న ఈ స్టూడియోకి ఆయనే యజమాని. అరవై దాటినా నెరిసిన జుట్టును రబ్బరు బ్యాండుతో వెనక్కి కట్టుకుంటాడు. ఆ పూట బ్యాండు ఊడిపోయి జుట్టంతా మొహం మీద పడింది.

“నాగగుత్సు వాళ్ళ పాటండీ! మొట్టమొదటి సింగిల్! అమ్మకం రేపటినుంచే అయినా స్టేషను దగ్గర మిజోబె పాటల కొట్టుకి డిస్కుల పెట్టె ఇవాళే దిగిందట. ఇప్పుడే ఫోను చేశాడు.”

“అలాగా. చాలా సంతోషమండీ,” అంది మసుయే.

“అంతేనా? నేను మెట్లన్నీ దొర్లినంత పని చేసి వస్తే, మీరేమిటి, పక్కింటికి తపాలా వచ్చినట్టు?”

“తలకి గట్టిగా తగిలిందండీ. అందుకు.”

తగిలిన మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఆయన పైకి వెళ్ళాక మసుయే మళ్ళీ మరక దగ్గరికే వంగింది. అది ఎప్పుడో పోయింది. అయినా గోకుతూనే ఉంది.

నాగగుత్సు అంటే వానబూట్లు. చినత్సు, ర్యోహె ఇద్దరూ స్కూలు పిల్లలుగా ఉన్నప్పుడు తమ జంటకు పెట్టుకున్న పేరది. చినత్సు వాళ్ళది రేవు దగ్గర చేపలు ఎండబెట్టే షెడ్డు. అక్కడ చేపలు కడిగి, ఆ రబ్బరు బూట్లతోనే గిటారు వీపున వేసుకుని వచ్చేసేది. ర్యోహె టైర్ల కొట్లో పని చేసి, నల్లటి చేతులతో వచ్చి డ్రమ్ముల ముందు కూర్చునేవాడు. స్టూడియోలో అన్నిటికన్నా చిన్నదీ చవకదీ రెండో గదే కాబట్టి ఎప్పుడూ అందులోనే. వాళ్ళు వెళ్ళాక గదిలో చేపల వాసన, టైర్ల వాసన కలిసి ఉండేవి. అవి పోవడానికి మసుయే తలుపు బార్లా తెరిచి పెట్టేది. తొందరగా పోవాలని మాత్రం ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మసుయే పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. చేతివేళ్ళు సబ్బునీళ్ళకు నాని నాని, తొక్క తీసిన అల్లంకొమ్ముల్లా తెల్లగా, ముడతలుగా ఉంటాయి. ఊడవడం, తుడవడం, చిక్కుపడిన తీగలను చుట్టలు చుట్టడం ఆమె పని. వీటన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకొకటుంది. అద్దె సమయం అయిపోయిందని లోపలి వాళ్ళకు చెప్పడం.

ఆలోచిస్తే ఆమె బతుకంతా ఆ పనే. చిన్నప్పుడు వేసవిలో సముద్రపు ఒడ్డున రబ్బరు ట్యూబులు అద్దెకిచ్చే పాకలో ఉండేది. కేరింతలు కొట్టే పిల్లల దగ్గరికి మోకాలిలోతు నీళ్ళలోకి వెళ్ళి, “ఇక చాలు నాన్నా, ఇచ్చేయండి” అనాలి. పెళ్ళయ్యాక ఊరి స్నానాల ఇంట్లో చాలా ఏళ్ళు చేసింది. మూసే వేళకి వేడినీళ్ళలో కళ్ళు మూసుకుని కూర్చున్న ఆడవాళ్ళకు చెక్కముక్కలు కొట్టి గుర్తుచేయాలి. స్నానాల ఇల్లు మూతపడి, భర్త కూడా పోయాక ఇక్కడికొచ్చింది. ఎవరి సంతోషమైనా సరే, అది అయిపోయిందని చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి. మసుయే దాన్ని నొప్పి తెలియకుండా చెప్పడం నేర్చుకుంది.

ఆ స్టూడియో తలుపులు అరచెయ్యి మందం. పిడికిలితో బాదినా లోపలికి వినపడదు. అందుకని తుడుపు కర్ర చివరతో తలుపు అడుగునున్న ఇనుప పట్టీ మీద తట్టేది. పాట మధ్యలో మాత్రం చచ్చినా తట్టదు. తలుపుకు చెవి ఆనించి నిలబడేది. ఆ మందంలోంచి బయటికొచ్చేది డ్రమ్ముల దడదడ ఒక్కటే. గిటారుగానీ, గొంతుగానీ రావు. దడదడ ఆగిందంటే పాట అయిపోయినట్టు. అప్పుడు టక్, టక్. కాస్త ఆగి, ఇంకోసారి టక్. మూడోది ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా, కొంచెం మెల్లగా పడేది. ఏమనుకోకండి అన్నట్టు. తట్టేసి, వాళ్ళను తొందరపెట్టినట్టు ఉండకూడదని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయేది.

పొరపాటు జరిగింది చలికాలంలో. టోక్యో కంపెనీ వాళ్ళు చినత్సునీ ర్యోహెనీ పిలిపించుకుని ఏదో అద్దాల మేడలో పాట రికార్డు చేయించారట. బాగా రాలేదట. మా రెండో గదిలోనైతేనే వస్తుందని చినత్సు మొండికేస్తే, సామానంతా వ్యానులో వేసుకుని ఇక్కడికొచ్చారు. ఎవరైనా సమయం పొడిగించుకుంటే మెట్ల దగ్గర ఆ గది పేరున్న చెక్కను ఎరుపు వైపుకి తిప్పి పెట్టడం స్టూడియో అలవాటు. మసుయే మెట్లు దిగేటప్పుడు రెండో గది చెక్క తెల్లగానే ఉంది. ఆమె చెవి ఆనించింది. దడదడ ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది. ఆగాక ఎప్పటిలాగే తట్టింది.

మెట్టు ఎక్కబోతుండగా తలుపు ధడాలున తెరుచుకుంది. టోక్యో మనిషి చెవులకున్న యంత్రం పీకి పట్టుకుని, “ఎవరండీ తట్టింది?” అని అరిచాడు. ఆయన వెనక పిల్లలిద్దరూ బొమ్మల్లా నిలబడి ఉన్నారు. మసుయే నడుం విరిగేలా వంగి క్షమాపణ చెప్పి పైకి పరుగెత్తింది. ఆ రోజు వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళ మరుగుదొడ్డి కడుగుతున్నట్టు నటిస్తూ లోపలే ఉండిపోయింది.

తర్వాత పిల్లలు టోక్యో వెళ్ళిపోయారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. నెల తిరక్కుండా ఇసాజి, గదుల్లో సమయం తెలిపే ఎర్రదీపాలు పెట్టిస్తానన్నాడు. ఇంకేం చెప్పాలి? దీపాలుంటే తట్టే మనిషి అక్కర్లేదని మసుయే అర్థం చేసుకుంది. ఆయన నోటితో అనిపించుకోవడం ఇష్టంలేక, భోజనం డబ్బాలు కట్టే వంటశాలలో పని చూసుకుంది. రేపటినుంచి అక్కడే. ఇక్కడ ఇవాళే ఆఖరు.

మధ్యాహ్నం ఇద్దరూ గల్లాబల్ల వెనక కూర్చుని అన్నంముద్దలు తిన్నారు. ఇసాజి కాల్చిన ఎండుచేపను రెండు ముక్కలు చేసి, కండ ఎక్కువున్నది ఆమె వైపు జరిపాడు.

“వెళ్ళి విని రండి. మిజోబె కొట్లో వినడానికి పెట్టాడట,” అన్నాడు.

“దీపాల మనిషి వస్తాడు కదండీ. దుమ్ము పడుతుంది.”

“దుమ్ము ఎక్కడికీ పోదు. మీరు వెళ్ళండి.”

తుడుపు గుడ్డలు కొనాలనే వంక పెట్టుకుని ఆమె బయల్దేరింది. రేవు మీంచి వచ్చే గాలి ఉప్పగా ఉంది. షెడ్ల ముందు వలచట్రాల మీద చేపలు వెండి వెండిగా ఆరుతున్నాయి. వినకపోయినా ఫరవాలేదు, పాట బయటికొచ్చింది, అదే చాలు అని దారిపొడుగునా తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ రోజు పాడైన దాని తర్వాత ఎంత ఏడుస్తూ మళ్ళీ పాడిందో ఆ పిల్ల, రెండోసారి మొదటంత బాగా వచ్చిందో లేదో. ఈ మాట ఇన్ని నెలలుగా చెప్పులో రాయిలా ఉంది.

కొట్టులో గుమ్మానికి ఎదురుగానే పెట్టారు. సన్నగా పొడుగ్గా డిస్కు అట్ట. దాని మీద చేపల వలచట్రం, దాని మీద బోర్లించిన రెండు జతల వానబూట్లు. పాట పేరు ‘చేపలెండే ఎండ’. పక్కన, మా ఊరి పిల్లలే అని రంగుపెన్నుతో రాసి పూలు గీశారు.

కొట్టులోని అమ్మాయి అడిగింది, “మనవరాలి కోసమా, మామ్మగారూ?”

“కాదమ్మా. నేను వీళ్ళని రోజూ బయటికి పంపించేదాన్ని.”

అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. అయినా నవ్వి, చెవులకు పెట్టుకునే యంత్రం ఎలా తగిలించుకోవాలో చూపించి, బొత్తాం నొక్కింది.

ముందుగా దడదడ వచ్చింది. ఇది తెలుసు. తలుపు ఇవతల నిలబడి ఎన్నిసార్లు విన్నదో. కానీ దాని మీదికి గిటారు ఎక్కింది, గిటారు మీదికి చినత్సు గొంతు. మసుయే కొట్టు బల్లను పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఎముకల గూడుగా మాత్రమే కనిపించిన మనిషి కండతో, మొహంతో ఎదురొచ్చి నవ్వినట్టుంది. ఆ గొంతు ఏమంత తియ్యనిది కాదు. కాస్త బొంగురు, చలిగాలిలో కేకేసినట్టు ఉంటుంది. తెల్లారకముందే మబ్బు చూసి ఇవాళ ఎండ కాస్తుందా అని అడిగే అమ్మ గురించి, పక్కలు తిప్పి తిప్పి ఎండబెట్టే చేపల గురించి పాడుతోంది. ఇలాంటి వాటి మీద కూడా పాట కడతారా! మసుయే తల ఊపడం మొదలుపెట్టింది. ఊపుతున్నట్టు ఆమెకు తెలియదు.

దడదడ ఆగింది. పాట మాత్రం ఆగలేదు. గిటారు చివరి మోత ఒకటి మిగిలింది. పొడుగ్గా, సన్నగా, రేవు దాటిపోతున్న పడవలా దూరమవుతూ. ఇది తలుపు దాటి ఏనాడూ రాలేదు. అయిపోయిందనుకుని తను తట్టిన ప్రతిసారీ లోపల ఇది ఇంకా మోగుతూనే ఉందన్నమాట. మసుయే కళ్ళు గట్టిగా మూసుకుంది.

టక్, టక్.

టక్.

మూడోది కొంచెం ఆలస్యంగా, కొంచెం మెల్లగా.

ఆ వెంటనే చినత్సు గొంతు, ఆయాసపడుతూ, మామూలుగా: “ఆఁ ఆఁ, వచ్చేస్తున్నాం పిన్నీ!” వెనక ర్యోహె కిసుక్కున నవ్వాడు. అక్కడితో పాట అయిపోయింది.

మసుయే యంత్రం తీసి చుట్టూ చూసింది. ఎవరైనా విన్నారేమోనని. ఎవరూ వినలేదు. రేపటినుంచి దేశమంతా వింటుంది. మళ్ళీ నొక్కింది. ఈసారి పాట కోసం కాదు, ఆ జవాబు కోసం. తను తట్టినప్పుడల్లా ఆ మందపు తలుపు వెనకనుంచి, రోజూ, ఎవరో ఇలా పలుకుతూనే ఉన్నారు. తను మెట్లెక్కి వెళ్ళిపోయేది.

అమ్మకం రేపటినుంచే అయినా, అమ్మాయిని అడిగి ఒకటి కొనుక్కుంది. దాన్ని మోగించే యంత్రం ఇంట్లో లేదన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చి, నడిరోడ్డు మీద ఒక్కతే నవ్వుకుంది. తుడుపు గుడ్డలు మరిచిపోయింది.

తిరిగొచ్చేసరికి దీపాల మనిషి రెండో గది దగ్గర నిచ్చెన మీద ఉన్నాడు. ఇసాజి ఆమె మొహం చూడగానే, “చివరిదాకా విన్నారా?” అన్నాడు.

“మీకు ముందే తెలుసా?”

“తెలుసు. తట్టింది కోసేయాలని టోక్యో వాళ్ళు, కోస్తే ఊరుకోమని వీళ్ళు, ఒకటే రగడ. చెప్పొద్దంది చినత్సు. పిన్ని తన చెవులతో వినాలి, నువ్వు నోరు జారావంటే నీ జుట్టు కత్తిరిస్తానంది.”

“పాడు చేశాననుకున్నానండీ. అందుకే మీరు దీపాలు పెట్టిస్తున్నారని…”

“ఏమిటీ?” ఇసాజి నోరు తెరిచాడు. “చెక్క తిప్పడం మరిచింది నేను! సిగరెట్ల కోసం వెళ్ళి అలాగే ఉండిపోయాను. మీ మోకాళ్ళ నొప్పి చూసి, మెట్లు దిగే బాధ తప్పుతుందని దీపాలు. మీరు మానేస్తాననేసరికి, నా మీద కోపంతోనే అనుకున్నాను.”

“అయ్యో, మీ మీద కోపమా?”

“మరి, రోజూ నా ఎదురుగానే కూర్చుని టీ తాగారు కదండీ, ఒక్క ముక్క అనొచ్చుగా?”

“మీరూ తాగారు కదండీ.”

ఆమె వంగి క్షమాపణ చెప్పింది. ఆయనా వంగాడు. ఆయన ఇంకా లేవలేదని ఆమె మళ్ళీ వంగింది. ఆమె వంగిందని ఆయన ఇంకాస్త వంగాడు. నిచ్చెన మీది మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని కిందికి చూశాడు.

“ఎవరైనా పోయారాండీ?”

“నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు ఇసాజి, వంగే ఉండి.

కాసేపటికి గొంతు సవరించుకుని, “అయితే మానేయకండి మరి,” అన్నాడు.

మసుయే నడుం ఎత్తి నిలబడింది. “వంటశాల వాళ్ళకి మాటిచ్చానండీ. పగటిపూట మనిషి తక్కువని అడిగారు. ఇప్పుడు రానంటే బాగుండదు.” బాధగా కాదు, తేలిగ్గా చెప్పింది. ఆ మొహం చూసి ఇసాజి బతిమాలలేదు. మాటిస్తే నిలబెట్టుకునే మనిషి అని ఆయనకు తెలుసు. తలుపు దగ్గర అన్నేళ్ళు చూశాడు.

సాయంత్రం, ఆమె ఏప్రను విప్పుతుండగా ఫోను మోగింది. ఇసాజి ఎత్తి, ఒక్క మాటైనా పూర్తి చేయకముందే ఆమె చేతిలో పెట్టాడు.

“పిన్నీ! విన్నావా? కోపం వచ్చిందా? చెప్పకుండా పెట్టేశాం.”

“చాలా పొడుగ్గా మోగుతుందే, అమ్మా, ఆ చివరిది,” అంది మసుయే. అనాలనుకున్నది ఇంకేదో. అదే వచ్చింది.

అవతల చినత్సు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. తర్వాత ర్యోహె ఫోను లాక్కున్నాడు. “రేపు వస్తున్నాం పిన్నీ, మధ్యాహ్నం బండికి. సాయంత్రం రెండో గదిలో వాయిస్తాం. తలుపు తెరిచే, వీధివాళ్ళందరికీ. బియ్యం కొట్టు తాతయ్యకి కూడా చెప్పు, ఎప్పుడూ గోల గోల అని తిట్టేవాడుగా. టైమైపోయాక నువ్వే తట్టాలి. దీపం వేస్తే మేం బయటికి రాం, అంతే.”

“వంటశాలనుంచి నేరుగా వస్తాను,” అంది మసుయే. “చెయ్యి వాసనొస్తుంది మరి.”

“మాకంటేనా!”

ఏప్రను నాలుగు మడతలు పెట్టి గల్లాబల్ల మీద ఉంచింది. సన్నటి పొడుగు అట్టను చేసంచిలో నిలువుగా పెట్టుకుంటే, ఒక కొస బయటికి తొంగి చూస్తోంది. “రేపు సాయంత్రం, మరి,” అని ఇసాజికి వంగి నమస్కరించి మెట్లెక్కింది. ఆమె అడుగుల చప్పుడు బియ్యం కొట్టు గుమ్మం దాకా వినిపించి, వీధిలో కలిసిపోయింది.

కింద రెండో గది తలుపు పైన కొత్త దీపం ఇంకా వెలగకుండా ఉంది. దాని కింద గోడకు ఆనించి తుడుపు కర్ర, తట్టి తట్టి నలిగి పువ్వులా విచ్చుకున్న చివరను తలుపు వైపుకి పెట్టి ఉంది.