రెండో ఈస్టర్

సొంతూళ్ళో పక్కింటి జినాయిదా రికార్డు చేసి పంపిన కబురు ఫోన్లో టింగుమనేసరికి రాయిసా ఒక చేత్తో సూప్ చెంచా, ఇంకో చేత్తో యజమానురాలు సిన్యోరా ఎర్సీలియా గడ్డం కింద తువ్వాలు పట్టుకుని ఉంది. మూడో చెయ్యి లేదు కాబట్టి ముక్కుతో నొక్కి వింది. ఇటలీలోని పాదువాలో ముసలివాళ్ళని చూసుకోవడానికి మొల్దోవా నుంచి వచ్చిన ఆడవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు.

"ఏమే రాయిసా, నేను చెప్పానని ఎవరితోనూ అనకు," అని మొదలుపెట్టింది జినాయిదా. అలా మొదలైన మాట ఇంతవరకు ఏ కాపురానికీ మేలు చేసిన పాపాన పోలేదు. "పొద్దున్నే మీ ఇంట్లోంచి ఒకావిడ చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చింది. నీ పువ్వుల ఏప్రన్ కట్టుకునుంది. మీ ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. నాకెందుకులే తల్లీ."

చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"సూప్ చల్లారిపోతోంది," అంది సిన్యోరా. "మీ ఆయన ఎవర్ని తెచ్చుకున్నాడు?"

ఇద్దరి భాషలూ దగ్గరి చుట్టాలే కావడంతో ఈ నాలుగేళ్ళలో రాయిసా ఇంటిగుట్టంతా సిన్యోరా నోటికొచ్చింది. మాత్ర వేసుకోమన్నప్పుడు మాత్రమే ఆవిడకి చెవుడు.

మంచాన పడ్డ అత్తగారిని మొగుడు గ్రిగోరే ఒంటిచేత్తో చూసుకుంటున్నాడని రాయిసా గురువారం గురువారం సెలవుపూట పార్కు బెంచీల మీద తోటి ఆడవాళ్ళకి చెప్పుకుని మురిసిపోతూ ఉంటుంది. ఇంటికెళ్ళి రెండేళ్ళు దాటింది. ఈ పండక్కి ఎలాగైనా వెళ్ళాలి. వెళ్ళి ఆ ఏప్రన్‌లో ఉన్నదెవరో కళ్ళారా చూడాలి.

"సిన్యోరా, ఈస్టర్‌కి నాకు వారం రోజులు సెలవు కావాలి."

"ఈస్టరా? మొన్ననే అయిపోయిందిగా! నాతో కూర్చుని గొర్రెపిల్ల మాంసం తిన్నావు. పావురం ఆకారం కేకు సగం నువ్వే ఖాళీ చేశావు."

"అది మీ ఈస్టర్. మా చర్చి పంచాంగం వేరు, మాది ఇంకా రాలేదు."

"క్రీస్తు ఏడాదికి రెండుసార్లు లేస్తాడేమిటి? ఒక్కసారి లేవడానికే ఆయనెంత అవస్థపడ్డాడో!"

"మా వైపు కాస్త ఆలస్యంగా లేస్తాడు."

"లేవనీ. నువ్వు వెళ్తే నన్నెవరు చూస్తారు? కొత్త మనిషి చేతికి అప్పగించి పోతావా? అది సూప్‌లో ఉప్పు ఎక్కువేసి నన్ను చంపుతుంది. నేను పోతే నీకు సంతోషమా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పి గెలిచినవాళ్ళు లేరు. రాయిసా మూతి ముడుచుకుని గిన్నె తీసింది.

మర్నాడు సిన్యోరా తల దువ్వి, జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టలు చుడుతూ, ఫోన్ అద్దం ముందు నిలబెట్టి మొగుడికి కలిపింది. తీరిగ్గా కూర్చుని దెబ్బలాడే తీరిక ఆమెకి లేదు. కాపురం ఏడ్చినా నవ్వినా పని చేతుల్లో ఉండగానే జరగాలి.

"ఎవతయ్యా అది?"

"ఏది?"

"నా ఏప్రన్‌లో దూరింది."

అవతల కోడి కూసింది. గ్రిగోరే గొంతు సవరించుకున్నాడు.

"తుదోరా. అమ్మని చూసుకోవడానికి పెట్టానే. చలికాలం నుంచీ వస్తోంది. రాత్రిళ్ళు కూడా ఇక్కడే ఉంటుంది, అమ్మ గదిలో."

"మరి నాకు చెప్పడానికేం రోగం?"

"ఎలా చెప్పను? మా ఆయన కన్నతల్లికి స్నానం కూడా చేయిస్తాడని అక్కడ ఊరందరికీ చెప్పావట. వాళ్ళంతా ఫోన్లు చేసి మొగుళ్ళని సాధిస్తున్నారు. ఆ మొగుళ్ళు దారి కాచి నన్ను తిడుతున్నారు. అంత మంచిపేరు పోగొట్టుకోబుద్ధి కాలేదే."

రాయిసా గుండెమీది బండ దిగింది. దిగిన మరుక్షణమే ఇంకోటి ఎక్కింది. తన అత్తని వదిలేసి ఈ ఊరొచ్చి తను ఒకరి తల్లికి స్నానం చేయిస్తుంటే, ఆ సంపాదనతో తన అత్తకి స్నానం చేయించడానికి అక్కడ ఇంకొకావిడ! నవ్వాలో ఏడవాలో తెలియక ఒక చుట్ట బిగించి చుట్టింది. సిన్యోరా కెవ్వుమంది.

ఆ రోజు నుంచి రాయిసా కూడా ఒక ఇంటి సిన్యోరా అయిపోయింది. ఉల్లిపాయలు తరుగుతూ ఒకసారి, ఇస్త్రీ చేస్తూ ఒకసారి తుదోరాకి ఫోన్. "అత్తయ్యని పక్కకి తిప్పావా? కిటికీ ఎందుకు తెరిచావు? ఆ జున్నుముక్క అంత పెద్దగా కోస్తే ముసలి ప్రాణం ఎలా నమలాలి?" ఇలా ఒకరిమీద పెత్తనం చెయ్యడంలో ఇంత సుఖం ఉందని ఇన్నాళ్ళూ ఎవరూ తనకి చెప్పనే లేదు.

"అలాగే ఉండాలి," అని మెచ్చుకుంది సిన్యోరా. "పనివాళ్ళకి చనువివ్వకూడదు."

ఆ మాట ఎవరితో అంటోందో ఆవిడకి తట్టనే లేదు.

పండగ ఇంకొద్ది రోజులుందనగా, మళ్ళీ చుట్టలు చుట్టే వేళకే, తుదోరా తనంతట తానే ఫోన్ చేసింది.

"రాయిసక్కా, పండగ వారం నాకు సెలవు కావాలి. మా అమ్మాయి స్పెయిన్ నుంచి వస్తోంది. పిల్లని చూసి ఎన్నాళ్ళో అయింది. ఎలాగూ నువ్వొస్తావుగా?"

"నేను రావడం లేదు. నువ్వు వెళ్తే ముసలావిణ్ణి ఎవరు చూస్తారు? కొత్త మనిషి చేతికి అప్పగించి పోతావా? ఆవిడ పోతే నీకు సంతోషమా?"

అనేసి నాలిక్కరుచుకుంది. అద్దంలో సిన్యోరా కళ్ళు చిలిపిగా మెరిశాయి.

"అవి నా మాటలు," అంది సిన్యోరా. "అడక్కుండా వాడేసుకున్నావు. అయినా ఆ ముసలావిడకి కొడుకున్నాడుగా? వాడికి చేతుల్లేవా?"

"మీ అబ్బాయికి లేవా, సిన్యోరా?"

ఆ మాట అనాలని రాయిసా అనుకోలేదు. అనేశాక దాచుకోవడానికి చోటు లేదు. సిన్యోరా కొడుకు కొరాదో ఉండేది బొలోన్యాలో, రైలెక్కితే గంట దూరం. క్రిస్మస్‌కి వచ్చి, కోటు విప్పకుండా కాఫీ తాగి, ఆఫీసు పనంటూ వెళ్ళిపోయే మనిషి.

సిన్యోరా అద్దంలో తన మొహాన్నే చూసుకుంది.

"వాణ్ణి ఎప్పుడూ రమ్మనలేదు," అంది. "పిలిస్తే రానంటాడేమోనని భయం. నువ్వున్నంతకాలం ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరమే నాకు రాదు. అందుకే నీకు సెలవివ్వను. అర్థమైందా? ఇంక ఆ చుట్ట చుట్టు."

ఇన్నేళ్ళూ ఆవిడది వట్టి మొండితనం అనుకున్నందుకు రాయిసాకి సిగ్గేసింది. జాలి కూడా వేసింది. ఆ రెండూ కలిసేసరికి ఈసారి చుట్ట నొప్పి పుట్టకుండా మెల్లిగా చుట్టింది.

"అక్కా, ఉన్నావా?" అంటోంది అవతల తుదోరా.

"ఉన్నా. నువ్వు మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళు. సెలవిచ్చాను."

"మరి ముసలావిడో?"

"ఆ సంగతి నేను చూసుకుంటాలే."

ఫోన్ పెట్టేసింది. సిన్యోరా తల తిప్పి నోరు తెరిచింది. "ఇచ్చేశావా? కాస్తయినా ఏడిపించకుండానే?"

"ఇచ్చేశాను. ఇక మీ వంతు."

సిన్యోరా ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ ఫోన్ ఇటివ్వు. నువ్వు కిక్కురుమనకు."

అవతల కొరాదో పలికాడో లేదో, సిన్యోరా గొంతు ఒక్కసారిగా నీరసపడిపోయింది. "నాన్నా కొరాదో... రాయిసా వాళ్ళ ఊరెళ్ళిపోయింది. ఎవర్నీ పెట్టలేదు. నాకు తల తడిగా ఉంది. కిటికీ తెరిచే ఉంది. మూద్దామంటే లేవలేను. సరే నాన్నా, నీకు పనుంటుంది, ఉంటాను." టక్కున పెట్టేసింది.

దువ్వెన పట్టుకుని నిలబడ్డ రాయిసా మూసి ఉన్న కిటికీ వంక చూసింది. తడితలతో, గాలి కొట్టే చోట కన్నతల్లి ఉందని విని కుర్చీలో కూర్చోగలిగిన కొడుకు గాలి సోకితే ప్రాణం పోతుందని నమ్మే ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. అయినా సిన్యోరా ఆ మధ్యాహ్నమంతా తలుపు వైపే చూసింది. ఒక్క మాత్రకీ పేచీ పెట్టలేదు. పెదాలకి రంగు పెట్టించుకుని, తుడిపించుకుని, మళ్ళీ పెట్టించుకుంది.

పొద్దు వాలకముందే కొరాదో రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. రాయిసాని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వెళ్ళిపోయిందన్నావుగా అమ్మా?"

"బట్టలు సర్దుకోవడానికి ఆగింది. నువ్వు వారం రోజులుంటున్నావు. ముందు బూట్లు విప్పు, నేల తుడిచారు."

మొల్దోవాలో బస్సు దిగి ఇంటికొచ్చిన రాయిసాని అత్తగారు మంచం మీంచి పరీక్షగా చూసి, "తుదోరా ఏది?" అంది. తర్వాత రెండు రోజులూ తుదోరా పనితనాన్ని పొగుడుతూనే ఉంది. రాయిసాకి చురుక్కుమంది. ఆ కోపమంతా మొగుడి మీద తీర్చుకుంది. పార్కులో తను చెప్పిన అబద్ధం నిజమయ్యేదాకా ఊరుకోలేదు. పండగనాడు ఎర్రరంగేసిన కోడిగుడ్లు ఒకదానికొకటి కొట్టి పగలగొట్టుకునే వేళకి గ్రిగోరే తల్లికి స్నానం చేయించడం నేర్చేసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి చూసి, రాయిసా కళ్ళు తుడుచుకుంది.

ఇక తిరుగు ప్రయాణానికి సంచీ సర్దుతుండగా పాదువా నుంచి ఫోన్. తెర మీద సిన్యోరా మొహం.

"ఏమిటీ?" అని అరిచింది సిన్యోరా. "ఇంకో వారం కావాలా? నీకేమైనా మతి పోయిందా రాయిసా?"

రాయిసా ఇంకా నోరు విప్పలేదు.

"ఏమంటోందమ్మా?" అని వెనకనుంచి కొరాదో గొంతు. "ఇంకో వారమా? ఆఫీసులో నేనేం చెప్పను?"

"నన్నేం చెయ్యమంటావు నాన్నా? ఈ మనుషులింతే. ఒక రోజిస్తే పది రోజులు లాగుతారు."

సిన్యోరా తెరకి ఇంకా దగ్గరగా వచ్చింది. అలవాటు లేని చెయ్యేదో దువ్వినట్టు పాపిడి వంకరగా ఉంది. అవునను అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. హుకుం చెయ్యకుండా ఆవిడ ఏదైనా అడగడం రాయిసా ఎప్పుడూ చూడలేదు.

రాయిసా గొంతెత్తింది. "అవును సిన్యోరా! ఇంకో వారం కావాలి! ఇవ్వకపోతే అసలు రానే రాను!"

"విన్నావా?" అంది సిన్యోరా కొడుకు వైపు తిరిగి. "పైగా బెదిరిస్తోంది."