విప్పని పొట్లం

అది చేతిలో పడాల్సిన బంతే, చంటిపిల్లాడైనా పట్టేవాడు, పైక్ కాళ్ళ సందులోంచి పోనిచ్చి ఇప్పుడు ఎండ కళ్ళల్లో పడిందన్నట్టు టోపీ సర్దుకుంటున్నాడు, ఎండ వాడి వీపు వెనకాల ఉంటే, అనుకుని రూఫస్ పళ్ళు నూరాడు, పదిహేడో పరుగు కూడా పోయింది, తమవాళ్ళకింకా సున్నా, ఇదీ ఒక బేస్‌బాల్ ఆటేనా, ఏడో ఇన్నింగ్స్ వచ్చినా ఒక్కడూ నాలుగు బేస్‌లూ చుట్టు తిరిగి రాలేదు, తను విసురుతుంటే ఇంత బాదుడా, తప్పు తనది కాదు, పైక్‌ది, వానకి నానిన నేలది, మొదటినుంచీ ఒకటే బంతితో ఆడిస్తున్న అంపైర్‌ది, అది ఉడికిన బంగాళాదుంపలా మెత్తబడిపోయింది, దాంతో ఎవడు మాత్రం విసరగలడు, జనం కూర్చున్న చెక్కమెట్ల మీంచి ఎవడో, ఏవయ్యా రూఫస్, మా ఆవిడ ఇంతకంటే గట్టిగా పళ్ళాలు విసురుద్ది అన్నాడు, అందరూ నవ్వారు, జట్టు యజమాని విట్‌కూంబ్ కూడా నవ్వాడా, గొడుగు నీడలో మొహం కనబడదు, ఈ ఆట చూశాక నీ సంగతి తేలుస్తానన్నాడు, తేల్చడమంటే మళ్ళీ నూలుమిల్లే, ఆ దుమ్మే, ఆ దగ్గే.

బ్యాటు పట్టినవాడి వెనకాల కూర్చుని తన బంతులు పట్టే లోరెంజ్ మళ్ళీ వేళ్ళతో సైగ చేస్తున్నాడు, నెమ్మదిగా వెయ్యమని, ఎందుకు నెమ్మదిగా, కెప్టెన్ అయితే మాత్రం, వీడి మీదా కోపంగానే ఉంది, పొద్దున మాటిచ్చాడు కదా, ఏం జరిగినా నన్ను మార్చకురా అంటే సరేలేరా అన్నాడు, ఆట మొదలయ్యాక బయటివాడు లోపలికి రాకూడదు, మార్చాలంటే కుడిమూల నిలబడ్డ డెలనీ ఇటు రావాలి, తను అటు నడిచి ఆ గడ్డిలో నిలబడాలి, ఇంతమంది ముందు ఆ నడక, చస్తే నడవడు, తన బంతి అంటే ఏమనుకుంటున్నారు వీళ్ళు, దాన్ని పట్టేందుకే కదా లోరెంజ్ ఆట ఉన్నరోజు కసాయికొట్టు దగ్గర ఆగి గొడ్డుమాంసం ముక్క కొని, వేళ్ళు కత్తిరించిన ఆ పల్చటి తోలు గ్లవ్ కింద అరచేతికి అడ్డం పెట్టుకునేది, ఆట అయ్యేసరికి అది ముద్దయి నెత్తురు మోచేతిదాకా కారేది, దాన్ని సారాకొట్టు బల్లమీద పడేసి, చూడండ్రా మావాడు ఏం చేశాడో అని ఊరంతటికీ చూపించేవాడు, ఇవాళ కూడా తన ముందే కొన్నాడు, పదిహేడు పరుగులంటే ఆ చెయ్యి ఏమైపోయిందో పాపం.

డెలనీ ఎలాగో ఒకటి పట్టాడు, వాళ్ళ వంతు అయింది, తమవాళ్ళు బ్యాటింగ్‌కి దిగారు, కూర్చునే బల్ల కింద తువ్వాలు కోసం తడిమితే చేతికి మెత్తగా ఏదో తగిలింది, కసాయివాడి కాగితం, పురికొస ముడి అలాగే ఉంది, ఈగలు ముసురుతున్నాయి, పక్కన లోరెంజ్ గ్లవ్ ఊడదీసి నీళ్ళు తాగుతున్నాడు, అరచెయ్యి పొడిగా, తెల్లగా, ఎక్కడా వాపు లేదు, ఇదేంట్రా, పెట్టుకోలేదా అన్నాడు రూఫస్, మర్చిపోయాన్రా అన్నాడు లోరెంజ్ బకెట్‌లోకి చూస్తూ, ఏడు ఇన్నింగ్స్‌లపాటు ఎవడన్నా చెయ్యి మర్చిపోతాడా, ఎన్నాళ్ళ నుంచి అనడిగితే వాడు మళ్ళీ నీళ్ళు ముంచుకున్నాడు, పోయిన ఆదివారం ఆట అయ్యాక వాడింట్లో తిన్న కూర గుర్తొచ్చింది, వాళ్ళావిడ ఉల్లిపాయలతో వేయించి పెట్టింది, ముక్క ఎంత బావుందో, చెక్కుచెదరలేదు, ఏ కొట్లో కొన్నావురా అని తనే అడిగాడు, లోరెంజ్ పళ్ళెంలోకి చూస్తూ ఇంకో ముక్క వేశాడు, ఇప్పుడు బకెట్‌లోకి చూస్తున్నట్టే, రూఫస్ ఆ పొట్లాన్ని మళ్ళీ బల్ల కిందికి తోశాడు, పైక్ మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు, తమవాళ్ళు ముగ్గురూ ఎప్పటిలాగే చప్పున అవుటై వచ్చేశారు, మళ్ళీ బంతి వేసే వంతు తమది, ఎవరూ చెప్పకుండానే రూఫస్ లేచి బంతి డెలనీ చేతిలో పెట్టి కుడిమూలకి నడవడం మొదలుపెట్టాడు, మెట్ల మీంచి ఏదో అరుస్తున్నారు, అరవనీ, నేల బాగానే ఉంది, బంతీ బాగానే ఉంది, తను విసిరితే లోరెంజ్ చేతికి నొప్పి పుట్టడం మానేసి చాలాకాలమైంది.