రెండో అంకె

మూత మీద తెల్లరంగుతో పేరు రాసి ఉన్న నల్ల రేకు పెట్టెను నేను. ఆ పేరు సిపాయి తవిటయ్యది. నన్ను భుజాన పెట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కాడు. యుద్ధం అతన్ని ఉంచేసుకుని నన్ను తిప్పి పంపింది. అతని పటాలం నేస్తాలు గౌరునాయుడు, కూర్మయ్య నన్ను మోసుకొచ్చి తల్లి ముందు దించితే, "నా కొడుకునట్టుకెల్లి రేకు డబ్బా అట్టుకొచ్చినారేట్రా?" అని ఆవిడ ముఖం తిప్పుకుంది. అప్పట్నుంచి వాళ్ల దగ్గరే ఉన్నాను. నాలో ఇప్పుడు వాళ్ల దుప్పట్లే ఉంటాయి. అయినా ఎండకు రేకు వేడెక్కితే తవిటయ్య కొబ్బరినూనె వాసనే వస్తుంది. అది నా భ్రమో, అతనింకా వెళ్లలేదో నాకు తెలీదు.

భార్యలు పోయి, వెనకా ముందూ ఎవరూ మిగలక, నేస్తాలిద్దరూ ఒకే గదిలో చేరారు. తిట్టుకోకుండా టీ తాగేవారు కాదు. ఆ సుఖానికి ఈ మధ్య తెగులు పట్టింది. కూర్మయ్యకు మతి జారిపోతోంది. పొద్దున్నే నా మూత తట్టి "తవిటిగాడేడిరా?" అంటాడు. "సచ్చిపోనాడు కదరా" అంటాడు గౌరునాయుడు. ఆ కబురు అప్పుడే అందినట్టు కూర్మయ్య భోరుమంటాడు. మర్నాడు మళ్లీ అదే. ఒకే చావుకి రోజూ ఏడుస్తుంటే రేకుదాన్ని, నేనే ఓర్చుకోలేకపోయాను. గౌరునాయుడికి ఇంకో భయం కూడా ఉంది. రేపు వీడు తననూ మరిచిపోతే, తను ఎవరితో పోట్లాడాలి?

మాజీ సైనికుల సంఘం వార్షికోత్సవంలో ఇద్దరూ హాస్యనాటిక వేశారు. పిల్లి నుంచి కోడిగూటిని కాపాడే ఇద్దరు ముసలి సిపాయిల కథ. కోడిగూడు వేషం నాది. పాత మాటలు నోట్లో తిరిగితే మతి కుదుటపడుతుందని గౌరునాయుడి ఆశ. పిల్లి మీద దాడికి ముందు అతను "గిన్తీ కర్!" అని అరిచాడు. పటాలంలో వరసగా నిలబడి ఎవరి అంకె వాళ్లు చెప్పుకునే లెక్క అది.

"ఏక్!" అన్నాడు తనే.

కూర్మయ్య "దో" అనాలి. అనలేదు. పటాలంలో అతనెప్పుడూ మూడోవాడు. రెండో అంకె తవిటయ్యది. ఇద్దరి మధ్య ఖాళీలోకి చూస్తూ నిలబడ్డాడు.

"పలకవేట్రా తవిటిగా? సుబేదారు సంపేస్తాడ్రా!"

జనం పడీ పడీ నవ్వారు. కూర్మయ్య కళ్లు నిండుతున్నాయి. రోజూ గదిలో ఏడ్చే ఏడుపు వేదిక మీదికి వచ్చేస్తోంది.

గౌరునాయుడు ఒక అడుగు జరిగి ఆ ఖాళీలో నిలబడ్డాడు. "దో!" అన్నాడు. ఆ గొంతు తవిటయ్యదే. నా రేకంతా ఝల్లుమంది.

"తీన్!" అన్నాడు కూర్మయ్య. చప్పట్లు మోగిపోయాయి.

ఆ తర్వాత కూర్మయ్య మళ్లీ ఏడవలేదు. తవిటిగా అని పిలిస్తే గౌరునాయుడు పలుకుతాడు, టీ ఇస్తాడు, తిట్లు తింటాడు. నిన్న ఇద్దరూ నా మీదే కూర్చుని ఉన్నారు. కూర్మయ్య గుమ్మం వైపు చూసి చూసి అడిగాడు.

"ఈ నాయుడింకా రానేదేట్రా?"

గౌరునాయుడు తన గ్లాసులో టీ కూడా అతని గ్లాసులోకి వంపాడు.

"వొచ్చెస్తాడ్రా," అన్నాడు. "నువ్వు టీ తాగు."